మలకాయి గారి కాలు

కట్టు విప్పేటప్పుడు పిసీలా మాట్లాడదు. నోరు తెరిస్తే ప్రార్థనకు బదులు తిట్లు వస్తాయని ఆమెకు తెలుసు. భర్త కిటియోనే చాప మీద వెల్లకిలా పడుకుని, కుడి కాలు దిండు మీద పెట్టి, రేకుల కప్పు వంక చూస్తూ ఏదో కీర్తన మంద్రంలో తీస్తున్నాడు. ఊరి చర్చి పాటగాళ్ళలో అంత లోతు గొంతు ఇంకెవరికీ లేదు. గొంతుకేం, బ్రహ్మాండంగా ఉంది. కాలే బాగాలేదు. చిటికెన వేలి కింద చెప్పు ఒరుసుకుని లేచిన పొక్కు, వేలి మొదలు దాకా తెరుచుకుంది. దాని మీద నోను పండు గుజ్జు పట్టు. మాగిన నోను వాసన పందులు కూడా ఓర్చుకోవు. ఇప్పుడు దాని కింద ఇంకో వాసన ఉంది. ఆ రెండింటినీ పిసీలా ముక్కు విడదీసి గుర్తుపడుతోంది.

నొప్పిగా ఉందా అని అడిగింది. లేదన్నాడు. అక్క పంపిన మందు పని చేస్తోంది కాబట్టే నొప్పి లేదన్నాడు. షుగరు ముదిరిన కాలికి నొప్పి తెలియదనీ, తెలియకపోవడమే భయపడాల్సిన సంగతనీ ఆసుపత్రి నర్సు సిసీలియా మొదటి రోజునే చెప్పింది. ఆ సిసీలియా దగ్గరికి వెళ్ళి చాలా రోజులైంది. షుగరు మాత్రల డబ్బా కిటికీ మీద మూత తియ్యకుండా ఉంది.

ఆ మాత్రలు మాన్పించింది కిటియోనే అక్క మెలియామే.

ఈ దీవుల్లో అక్క మాటంటే అక్క మాటే. తమ్ముడు ఎంత మొనగాడైనా అక్క ముందు చిన్నవాడే. తమ్ముడి పెళ్ళాం అయితే ఆ లెక్కలోకే రాదు. పెళ్ళిలోనైనా చావులోనైనా మంచి చాప ఆమెకే, పెద్ద పంది ఆమెకే. పిసీలా దాన్ని ఏనాడూ తప్పు పట్టలేదు. తాను పుట్టిన హాపాయి దీవుల్లో తమ్ముళ్ళ ఇళ్ళకు వెళితే వాళ్ళ పెళ్ళాలు ఆమె ముందు అలాగే తల వంచుకుని కూర్చుంటారు. దేవుడు ఇంటికో క్రమం పెట్టాడు, అందులో తప్పేముంది? అయితే అదే క్రమంలో ఇంకో ముడి కూడా ఉంది. అక్కాతమ్ముళ్ళు ఒకరి పడకగదిలోకి ఒకరు వెళ్ళరు. ఒంటి సంగతులు మాట్లాడుకోరు. అందుకని మెలియామే ఆ పుండును ఒక్కసారి కూడా చూడలేదు. గడప బయట నుంచే సీసాలు పంపింది, గడప బయట నుంచే మాత్రలు మానమంది. చూడని పుండుకు వైద్యం. కట్టు విప్పిన ప్రతిసారీ పిసీలా నోటిదాకా వచ్చేది ఆ మాటే.

ఆ వైద్యం పేరు దీవుల దీవెన, సీసాల్లో వచ్చే నోను మందు. ఫోనులో ఒక సైటు. తెరవగానే సముద్రం మీద సూర్యోదయం, ఆ వెలుగులో ఒక సిలువ. కింద తెల్లకోటు డాక్టరు. ఇంకా కిందకు పోతే పుండున్న పాదం ఒకటి, మానిన పాదం ఒకటి, పక్కపక్కన. ఆ తర్వాత నల్ల కోటు, మర్యాదకు నడుముకు చాప కట్టుకున్న మలకాయి పాస్టరు నవ్వుతూ ఉంటాడు. నా కాలు తీసేయాలన్నారు, దేవుడు ఈ సీసా చూపించాడు, ఆసుపత్రి మాత్రలు నోను ఆకు బలాన్ని చంపుతాయి కాబట్టి వాటిని మానండి, అని ఆయన నోట పెట్టి రాశారు.

ఊళ్ళో ఆడవాళ్ళు బెరడు బట్ట కొట్టే పాక ఉంది. పొడుగు దుంగకు అటూ ఇటూ కూర్చుని కొయ్య సుత్తులతో బెరడును పలచగా సాగగొడతారు. ఆ చప్పుడులోనే ఊరి కబుర్లన్నీ నడుస్తాయి. ఆ రోజు మెలియామే సుత్తి పక్కన పెట్టి ఫోను చేతికెత్తుకుంది. మలకాయి పాస్టరుగారి మాటలు చదివి వినిపించింది. ఒకామె తన మోకాళ్ళకు పనికొస్తుందా అంది. ఇంకొకామె మొగుడి కళ్ళకు అడిగింది. సీసాలు తెప్పించడానికి ఎవరెవరికి కావాలో మెలియామే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.

పిసీలా చెయ్యి ఆపకుండానే అడిగింది. "వదినా, ఆ సైటు ఎవరిది?"

"ఎవరిదైతే ఏంటి? మంచి చెప్పేవాడి చిరునామా అడుగుతామా?"

"అడక్కుండా పిల్లనిస్తామా వదినా?"

దుంగ చుట్టూ నవ్వు లేచింది. మెలియామే నవ్వలేదు. "అడుగు తల్లీ, బాగా అడుగు. ఆ పాస్టరుగారు మీ హాపాయి మనిషే. మీ వాళ్ళ మాట మీద నీకే నమ్మకం లేకపోతే మేమేం చేస్తాం?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది. పిసీలాకు నోను వాసన పడదనీ, ఆమెకు ఆసుపత్రి స్పిరిటు వాసనే అత్తరనీ ఎవరో అన్నారు. ఆమె తన ముందున్న బెరడును చిల్లు పడేదాకా కొట్టింది. పక్కనామె సుత్తి లాక్కుని, అది మొగుడి కాలు కాదే, బట్ట అని మందలించింది.

ఇంటికి వచ్చి, సిగ్నలు బాగా అందే పనసచెట్టు కింద కూర్చుని, కోపంగా ఫోనులో దీవుల దీవెన మోసం అని కొట్టి వెతికింది. కావలసినంత దొరికింది. ఎవరో తిట్టారు, ఎవరో ఏడ్చారు, ఎవరో ఇది సైతాను పని అన్నారు. కడుపు నిండినట్టయింది. లేచి వెళ్ళి ఫోను కిటియోనే ముఖం ముందు పెట్టింది.

అతను తీరిగ్గా చదివాడు. ఆ తర్వాత తన ఫోను తీసి చూపించాడు. అతను అడిగింది వేరే. నోను షుగరును ఎలా నయం చేస్తుంది అని అడిగాడు. అక్కడ కూడా కావలసినంత ఉంది. ఆకు గొప్పదనం, వేరు గొప్పదనం, తాతల కాలం నాటి జ్ఞానం, బతికి బయటపడ్డవాళ్ళ సాక్ష్యాలు.

"నువ్వు మోసమా అన్నావు, మోసమే అంది. నేను మందా అన్నాను, మందే అంది," అన్నాడు కిటియోనే. "నాది తప్పయితే నీదీ తప్పే పిసీలా. నీ ఫోనులో దేవుడూ నా ఫోనులో దెయ్యమూ కూర్చోలేదు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతను తప్పు చెప్పి ఉంటే అంత మండేది కాదు. అతను చెప్పింది నిజం. ఆమె తెలుసుకోవాలని అడగలేదు, గెలవాలని అడిగింది. జవాబు ముందే గుప్పిట్లో పెట్టుకుని అడిగితే ఆ ఫోను మాత్రం ఏం చేస్తుంది, గుప్పిట తెరిచి చూపిస్తుంది. దేవుడి దగ్గర కూడా మనుషులు ఇలాగే మోకరిస్తారు కదా అనిపించింది. నీ చిత్తం అంటారు, తమ చిత్తమే అడుగుతారు. ఆయన పలకకపోతే అలుగుతారు. తానూ అంతేనా? ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు, కానీ వదల్లేదు.

మళ్ళీ పనసచెట్టు కిందకు వెళ్ళింది. ఈసారి నోను పేరు ఎత్తలేదు, మోసం పేరూ ఎత్తలేదు. షుగరు ఉన్న మనిషి పాదం మీద పుండు మానకపోతే ఏం చెయ్యాలి అని మాత్రమే అడిగింది. మొదట వచ్చినవి అమ్మకానికి పెట్టినవాళ్ళ పేజీలు. వాటిని దాటేసి కిందకు పోయింది. ఒక దేశం ఆసుపత్రివాళ్ళు రాసింది చదివింది. ఇంకో దేశం వైద్య కళాశాలవాళ్ళు రాసింది చదివింది. రోగుల సంఘం ఒకటి రాసింది చదివింది. ఒకరినొకరు ఎరగనివాళ్ళు, ఒకరి డబ్బు ఒకరు తినేవాళ్ళు కారు, సీసా అమ్మేవాళ్ళు అంతకన్నా కారు. అందరూ ఒకటే మాట. మాత్రలు ఆపొద్దు. చర్మం రంగు మారినా, వాసన వచ్చినా ఆ రోజే చూపించండి, రేపనవద్దు.

వాసన అన్న మాటను ఆమె మళ్ళీ చదివింది.

ఈ దీవుల్లో కొత్త మనిషి పడవ దిగితే పేరు తర్వాత అడుగుతారు. ముందు నువ్వెవరి బిడ్డవు, మీ అమ్మది ఏ ఊరు అంటారు. నాలుగు మాటలయ్యేలోపు ఎవరో ఒకరు, ఓహో మా పెదనాన్న అల్లుడి మేనకోడలివా అనేస్తారు. ఆ మనిషి చెప్పింది విని ఊరుకోరు కూడా. అతను స్నానానికి వెళ్ళగానే ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళకు కబురు పెట్టి కనుక్కుంటారు. ఎక్కడా తేలనివాడికి అన్నం పెడతారు గాని పసిపిల్లను చేతికివ్వరు. మరి ఈ దీవుల దీవెన ఇంట్లోకొచ్చి, చాప ఎక్కి, మొగుడి కాలు చేత పట్టుకుంటే ఎవరి బిడ్డవని ఒక్కరూ అడగలేదేం?

పిసీలా అడిగింది. మా గురించి అనే చోట దీవుల పెద్దల జ్ఞానం అని ఉంది. ఏ దీవి, ఏ పెద్దలు, పేర్లు లేవు. చిరునామా లేదు, ఊరు లేదు, ఫోను నంబరు లేదు. ఉత్తరం రాసే పెట్టె ఒకటి ఉంది. రాస్తే క్షణంలో జవాబు వచ్చింది. నీకు దీవెనలు సోదరీ, రెండో సీసా ఇప్పుడే తీసుకో, అని. ఆమె అడిగింది సీసా గురించి కాదు.

ఆ తర్వాత సైటును పక్కన పెట్టి, దాని గురించి బయటివాళ్ళు ఏమంటారో వెతికింది. డాక్టరు పేరు కొడితే ఆయన్ను ఎరిగినవాళ్ళు ఆ సైటువాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. ఆసుపత్రిలోనూ లేడు, కళాశాలలోనూ లేడు. బొమ్మతో వెతకడం ఆమెకు వచ్చు. క్రితం ఏడాది వీళ్ళ పాకలో చేసిన బట్ట ఫోటోను ఎవరో తమదని పెట్టుకుంటే, ఆడవాళ్ళందరూ కూర్చుని వాణ్ణి అలాగే పట్టుకున్నారు. డాక్టరు ఫోటో పెట్టి వెతికింది. అదే ముఖం, అదే కోటు. ఎక్కడో చలిదేశంలో పళ్ళ డాక్టరు కుర్చీలు అమ్ముతోంది. ఇంకోచోట జుట్టు నూనె అమ్ముతోంది. ఒక్కోచోట ఒక్కో పేరు.

పాదాల బొమ్మను పెద్దది చేసి చూసింది. చూసి, తన రెండు కాళ్ళూ చాపుకుని మళ్ళీ చూసింది. పుండున్నది ఎడమ పాదం. మానిందని చూపించింది కుడి పాదం. ఇంతమంది ఇన్నిసార్లు చూశారు, తానూ చూసింది. ఎవరికీ కనబడలేదు. నయమైపోయిన పాదం చూడాలనుకున్నారు, చూశారు.

అప్పుడొచ్చిన కోపం ముందటి కోపంలాంటిది కాదు. వదిన మీద కాదు, మొగుడి మీద కాదు. తీరిగ్గా కూర్చుని, ఈ దీవులవాళ్ళకు సిలువ పెడితే చాలు, చాప కట్టుకున్న పాస్టరును పెడితే చాలు అని లెక్కవేసినవాడెవడో ఉన్నాడు. వీళ్ళ భక్తిని ఎరగా గుచ్చి గాలం వేశాడు. వాడి ముఖం ఎలా ఉంటుందో ఊహిద్దామంటే ముఖం రాలేదు.

ఇక మిగిలింది మలకాయి పాస్టరు. ఆయన కూడా దొంగ ముఖమే అయి ఉంటుందని వెతికింది. కాదు. ఆయన ఉన్నాడు. హాపాయిలో నిజంగానే ఉన్నాడు. చర్చి వార్షిక సభల పేజీలో అదే ఫోటో ఉంది, విందు బల్ల పక్కన, కాల్చిన పంది ఎదురుగా నవ్వుతూ. పేరు అదే, ఊరు అదే. ఇంత అబద్ధంలో ఒక్క మనిషి నిజం. ఆ నిజం ఎవరి పక్షమో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు ఉదయం కట్టు విప్పితే చిటికెన వేలు చివర నల్లబడి ఉంది. ఆసుపత్రికి పోదాం లెమ్మంది. కిటియోనే అక్కను అడక్కుండా ఎలాగన్నాడు. ఆమె చేతుల్లో బలముంటే అతన్ని భుజాన వేసుకుని పోయేదే. అతను దుక్కలాంటి మనిషి. వేలు ఫోటో తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వదిన ఇంటికి నడిచింది.

మెలియామే వాకిట్లో కూర్చుని చాపలు అల్లే ఆకు చీలుస్తోంది. పిసీలా కింద కూర్చుంది. ఎంత కోపం వచ్చినా అక్కడ నిలబడి మాట్లాడే అలవాటు ఆమె ఒంటికి లేదు. డాక్టరు సంగతి చెప్పింది. పళ్ళ కుర్చీలు, జుట్టు నూనె చూపించింది. ఎడమ పాదం, కుడి పాదం చూపించింది. మెలియామే ఆకు చీల్చడం ఆపలేదు. ఫోటోలు అటూ ఇటూ అయి ఉండొచ్చంది. డాక్టరు లేకపోతే పోయాడు, మందు పాస్టరుగారిది కదా అంది.

"నేనేదో గుడ్డిగా నమ్మాననుకుంటున్నావు," అంది ఆఖరికి. "నా తమ్ముడి ఒంట్లోకి పోయే మందు, కనుక్కోకుండా ఇస్తానా? హాపాయిలో పాస్టరుగారికి నేనే ఫోను చేశాను. ఆయనే చెప్పారు."

పిసీలా చెయ్యని పని వదిన ఎప్పుడో చేసేసింది. లేచి వెళ్ళిపోదామా అనుకుంది. వేలు గుర్తొచ్చి కూర్చుండిపోయింది. ఏది అడిగితే అదే జవాబు వస్తుందని నిన్న కిటియోనే తనను అన్న మాట కూడా గుర్తొచ్చింది.

"వదినా, ఆయన్ను ఏమని అడిగారు?"

"ఏమని అడుగుతారు? అయ్యా, తమరి కాలు ఇప్పుడు బాగుందా అన్నాను. ప్రభువు దయవల్ల బాగుంది తల్లీ అన్నారు. నోను మంచిదేనా అన్నాను. దేవుడిచ్చిన చెట్టు, మంచిది కాకపోవడమేంటన్నారు."

"అంతేనా?"

"ఇంకేం కావాలి నీకు?"

"కాలు బాగుందా అంటే నన్నడిగినా బాగుందనే అంటాను వదినా. ఇంకోసారి చెయ్యండి. బాగుందా అనొద్దు. మీ కాలికి అసలేమైంది అని అడగండి."

మెలియామే కళ్ళెర్రజేసింది. పెద్దాయన్ను పరీక్ష చేస్తామా అంది. పిసీలా చేతులు జోడించింది. బతిమాలడానికి జోడించిందో, కొట్టకుండా ఆపుకోవడానికి జోడించిందో ఆమెకే తెలియదు. మెలియామే ఆకు విసిరేసి ఫోను తీసింది. నువ్వే విను, విని నోరు మూసుకో అని, మాట బయటికి వినబడేలా పెట్టింది.

క్షేమ సమాచారాలు చాలాసేపు నడిచాయి. వానలు, యాం దుంపలు, పాస్టరమ్మగారి ఆరోగ్యం. అప్పుడు మెలియామే అడిగింది, అయ్యా, తమరి కాలికి అసలు ఏమైంది అని.

"నా కాలికి ఏమీ కాలేదు తల్లీ," అన్నాడు ముసలాయన. చాలా ఇబ్బందిగా అన్నాడు. "ఈ మధ్య ఎంతోమంది ఫోను చేసి నా కాలి క్షేమం అడుగుతున్నారు. అంత ప్రేమగా అడుగుతుంటే ఎందుకని ఎదురడగడం బాగుండదని, బాగుందమ్మా అంటున్నాను. ఎక్కడో నా కోసం ప్రార్థన పెట్టారేమో అనుకున్నాను. షుగరు కూడా లేదు నాకు. చలికి మోకాలు పట్టేస్తుంది, అంతే."

మెలియామే కూడా, అలాగా అయ్యా, సంతోషం అయ్యా అంది. ఆయన దీవించాడు. ఆమె ఫోను పెట్టేసింది. ఇటు మర్యాద, అటు మర్యాద, మధ్యలో ఒకడు సీసాలు అమ్ముకున్నాడు.

పిసీలా తన ఫోను ముందుకు తోసింది. తమ్ముడి పాదం. నల్లబడిన వేలు, తెరుచుకున్న మాంసం, గుజ్జు మరకలు. మెలియామే చటుక్కున ముఖం తిప్పుకుంది.

"సిగ్గు లేదూ? నాకు చూపిస్తావా అది?"

"చూడండి వదినా."

"వాడు నా తమ్ముడు. మర్యాద తెలియదా నీకు?"

"మర్యాదతోనే ఇంతదాకా వచ్చింది. చూడండి."

వదినతో అలా మాట్లాడిన మరదలు ఆ ఇంటి చరిత్రలో లేదు. మెలియామే చెయ్యెత్తింది. చెంప మీద పడుతుందనుకుంది పిసీలా, పడనీ అనుకుంది. ఆ చెయ్యి వచ్చి ఫోను పట్టుకుంది. మెలియామే చూసింది. చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని బళ్ళోకి తీసుకెళ్ళేదాన్ని అంది, ఎవరితోనో అన్నట్టు. ఆ తర్వాత, ఎందుకే ముందే చూపించలేదు అని అరిచింది. పిసీలా లేచింది. జవాబు చెబితే ఆ రోజు మాటలు ఆగవు.

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చారు. మెలియామే ఇంట్లోకి రాలేదు. కిటియోనే పడుకున్న గది గోడ బయట, అరటి మొక్కల మధ్య నిలబడింది. గోడకేసి మాట్లాడింది. నేను చెప్పింది తప్పు, మాత్రలు వేసుకో, ఇప్పుడే ఆసుపత్రికి పో అంది. లోపల కీర్తన ఆగింది. "సరే అక్కా," అన్నాడు కిటియోనే. ఎందుకని అడగలేదు. మాత్రలు మానమన్నప్పుడు ఎలా అన్నాడో, అదే గొంతుతో అన్నాడు. అది విని పిసీలాకు ఊరట కలగాలి. కలగలేదు. మరీ కోపం వచ్చింది. బండి మాట్లాడటానికి పరుగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరు పిసీలా మీదే కోప్పడ్డాడు. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావమ్మా, ఫోనులో కనబడిందల్లా నమ్మేస్తావా అన్నాడు. వదిన వరండాలో బల్ల మీద తల వంచుకుని కూర్చుంది, ఆమెకు వినబడుతూనే ఉంది. పిసీలా తప్పంతా తనదేనన్నట్టు తల ఊపింది. నమ్మింది నేను కాదని చెబితే వదిన పరువు పోతుంది. ఆ పరువు ఇంకా తానే మోస్తున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ తీసేశారు. పాదం నిలిచింది. ఇంకొంత ఆలస్యమైతే మోకాలి కింద కాలంతా తీసేయాల్సి వచ్చేదని చెప్పి, సిసీలియా మాత్రం ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మెలియామే ఆ బల్ల మీద నుంచే ఫోన్లు మొదలుపెట్టింది. పాకలో ఎవరెవరికి చెప్పిందో అందరికీ. నేనే తెప్పించుకోమన్నాను, నేనే వద్దంటున్నాను, పారబోయండి అంది. కొందరు సరేనన్నారు. కొందరు పాస్టరుగారు అబద్ధమాడతారా అన్నారు, వాళ్ళకు మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది, ఆయన్ను ఏమని అడిగిందీ, ఏమని అడగవలసిందీ. మోకాళ్ళ ఆమె అయితే, నా నొప్పి తగ్గిందమ్మా, మీ గొడవలు మీవి, నేను మానను అంది. మెలియామే ఎర్రబడ్డ ముఖంతో ఫోను దించి, వినదేం అంది. మీరు విన్నారా అనబోయి పిసీలా మింగేసింది. నోనులో తప్పేం లేదు వదినా, మోకాలికి రాసుకుంటే రాసుకోనీ, ఆమె బీపీ మాత్రలు మాత్రం మానొద్దని చెప్పండి అంది. పిసీలా నాయనమ్మ సెగగడ్డలకు ఆ ఆకే వేసేది. ఆకు ఎవరినీ మోసం చెయ్యలేదు.

నాలుగో రోజు సాయంత్రం పిసీలా సైటు తెరిచి చూసింది. మలకాయిగారు లేరు. మెలియామే సంగతి చెప్పాక చర్చివాళ్ళు గట్టిగా రాసినట్టున్నారు. ఆయన ఉన్న చోట ఇంకో దీవి పాస్టరు, ఇంకో నల్ల కోటు, ఇంకో చాప, అదే నవ్వు. సాక్ష్యం ఒక్క అక్షరం మారలేదు. కాలు తీసేయాలన్నారు, దేవుడు సీసా చూపించాడు. ఆమెకు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఏ గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తి పొయ్యాలి? ఎవరి తల్లిని పిలిచి నీ కొడుకు చేసింది చూడు అనాలి?

మగవాళ్ళ వార్డులో చీకటి పడే ముందు ప్రార్థన చేస్తారు. ఎవరి గొంతు బాగుంటే వాళ్ళు నడిపిస్తారు. ఆ రోజు కిటియోనేను నడిపించమన్నారు. అతను దిండుకు ఆనుకుని, కట్టు కట్టిన కాలు చాపుకుని ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాడు. మంచాల మీదవాళ్ళు, నేల మీదవాళ్ళు అందుకున్నారు. తలుపు అవతల వరండాలో నుంచి మెలియామే గొంతు కూడా కలిసింది, లోపలికి రాకుండానే. అన్నం అడిగారు, ఆ రోజుకు చాలినంత. తర్వాత క్షమించే మాట వచ్చింది. మనకు చెడు చేసినవాళ్ళను మనం క్షమించినట్టుగా అనే చోటు.

పిసీలా నాలుక కదల్లేదు. చిన్నప్పటి నుంచి ఊపిరి పీల్చినట్టు చెప్పిన మాట. క్షమించాలంటే ఎవరినో తెలియాలి కదా ప్రభూ, వాడొచ్చి అడగాలి కదా, అడక్కుండా కొత్త పాస్టరును పెట్టుకుని కూర్చున్నాడు కదా అని మనసులో వాదించింది. ఇది పాపమైతే పాపమే. రేపు చూద్దాం అనుకుంది. ఆయన ఓపికగలవాడు, ఆ మాత్రం ఆగుతాడు.

అప్పుడే గమనించింది, వరండాలో గొంతు కూడా ఆగిపోయిందని. తలుపు సందులోంచి వదిన వీపు కనబడుతోంది, నిటారుగా, కదలకుండా. లోపల కిటియోనే ఒక్కడే ఆ మాటను లోతు గొంతుతో చివరిదాకా తీసుకెళ్ళాడు.